గురువారం నాలుగింటి సైరన్

సంగీతం గురించి రాయడానికి నాకు ఏ అర్హతా లేదని ముందే ఒప్పుకుంటాను. నేను కరెంటు పనివాణ్ణి. సౌదీలో ఇరవై రెండేళ్లు వైర్లు లాగాను, ఏసీలు విప్పాను, కాలిపోయిన మోటర్లు మార్చాను. గొప్పగా చెప్పుకునే సంగతులేమీ లేవు. అయితే చేతిలో కొత్త పాస్‌పోర్టుతో నా దగ్గరికి సలహాకని వచ్చే పిల్లలు కొందరు, "కాకా, అంత సర్వీసుల ఎన్నడన్న తప్పు చేసినవా?" అని అడుగుతుంటారు. అప్పుడు నాకు ఒక ఎనిమిదేళ్ల పాప, ఒక పియానో, ఒక ఎర్ర తాళంకప్ప గుర్తుకొస్తాయి. ఆ సంగతే ఇది. చదివి నవ్వుకున్నా నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

సౌదీ తూర్పు తీరాన ఉన్న రాస్ తనూరాకు బస్సులో ముప్పావు గంట దూరంలో ఒక కాంట్రాక్టు కంపెనీ కాంపౌండ్ ఉండేది. గోడ లోపల ఒక పక్క ఇంజనీర్ల కుటుంబాల ఇండ్లు, ఇంకో పక్క మా పనివాళ్ల బ్యారక్‌లు, మధ్యలో ఈత కొలను, రిక్రియేషన్ హాలు. హాలు వెనకాల జనరేటర్ పక్కన ఒక రేకుల గది, దాని మీద ఇనుప స్తంభానికి బిగించిన సైరన్. ఆ సైరన్ బాగోగులు నావి.

కువైట్ గొడవ మొదలయ్యేదాకా ఆ సైరన్‌ను నేను ఒక ఫ్యాన్‌ను చూసినట్టే చూశాను. దుమ్ము తుడవడం, నూనె పెట్టడం, అంతే. తర్వాత యుద్ధం వచ్చింది. ఇరాక్ క్షిపణి వస్తోందని కబురు రాగానే గేటు దగ్గర గార్డు బటన్ నొక్కేవాడు. సైరన్ మోగితే అందరూ, విషవాయువు రాకుండా కిటికీలకు టేపులు అంటించిన గదుల్లోకి పరిగెత్తాలి. నేనొక్కణ్ణి మాత్రం గదిలోంచి బయటికి, సైరన్ కిందికి పరిగెత్తాలి. అది పాత మోటరు. మోగుతూ మోగుతూ ట్రిప్ అయ్యేది, మళ్లీ ఎక్కించడానికి పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనే.

గ్యాసు మాస్కులు మొదట కుటుంబాలకు ఇచ్చారు. మాకు అందేసరికి పది రోజులు పట్టింది. అప్పటిదాకా మూతికి తడి తువాలు కట్టుకొని ఆ రేకుల గదిలో నిలబడేవాణ్ణి. నెత్తి మీదే మోత. రేకులు వణికేవి, నా పళ్లు వణికేవి, రెండింటిలో ఏ చప్పుడు ఏదో తెలిసేది కాదు. ఆకాశం కేసి చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. రెండుసార్లు కవరాల్, అంటే ఒంటినిండా తొడుక్కునే పనిబట్టలు, మార్చుకోవలసి వచ్చింది. ఎందుకో రాయను, మీకు అర్థమైంది కదా.

ఆరు వారాల్లో యుద్ధం ముగిసింది. సైరన్ ముగియలేదు. ప్రతి గురువారం నాలుగింటికి ఒక్క నిమిషం మోగించి పరీక్షించాలని కంపెనీ నియమం పెట్టింది. గార్డు గేటు దగ్గర నొక్కుతాడు, నేను కింద నిలబడి మోటరు చూసుకోవాలి. పరీక్షే అని తెలుసు, ఏమీ రాదనీ తెలుసు. అయినా బుధవారం సాయంత్రం నుంచే నాకు కడుపులో తిప్పేది. నా గదిలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు, పరంజా కట్టే పని. అందరం మామ అనేవాళ్లం. "అల్లుడికి ఇయ్యాల మల్ల బుధారం జరమొచ్చింది" అని మామ ఆట పట్టించేవాడు. పులుసు పడలేదు మామా అని నేను అబద్ధం చెప్పేవాణ్ణి.

ఇక పాప సంగతి. లెబనాన్ ఇంజనీరు కూతురు. బీరుట్ కొట్లాటల్లోంచి తప్పించుకొని వచ్చిన కుటుంబం, ఇక్కడికి వచ్చాక ఈ యుద్ధం. తల్లి కాంపౌండ్ పిల్లలకు పియానో నేర్పేది. ఒకసారి వాళ్లింట్లో ఏసీ గాలి నేరుగా పియానో మీది కాగితాలకు తగిలి ఎగిరిపోతున్నాయంటే వెళ్లి గాలి దారి మళ్లించాను. అప్పటి నుంచి పాప నన్ను అమ్ము అనేది. వాళ్ల అరబ్బీలో బాబాయి అన్నమాట. పిడికెడంత పిల్ల. పియానో ముందు కూర్చుంటే కాళ్లు పెడల్‌కు అందేవి కావు, వడ్రంగి ఒక చెక్కపెట్టె చేసి పెట్టాడు. యుద్ధంలో సైరన్ మోగిన ప్రతిసారీ ఆ పిల్ల బట్టల బీరువాలో దూరి, గంటల తరబడి బయటికి వచ్చేది కాదని కాంపౌండ్ అంతా చెప్పుకునేవారు.

యుద్ధం తర్వాతి చలికాలంలో ఆ పిల్లతో ఒక కచేరీ పెట్టారు. కాంపౌండ్‌లో ఒక పధ్నాలుగు మంది సరదా వాద్యగాళ్లుండేవారు. వయొలిన్ వాయించే ఇద్దరు నర్సులు, ఫ్లూటు పట్టే వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు, ఇలా. వాళ్లను నడిపేది లాబ్‌లో పనిచేసే ఒక ముసలి హంగేరీ కెమిస్టు. చేతిలో సన్న పుల్ల పట్టుకొని ముందు నిలబడేవాడు. ఆయన్ను కండక్టర్ అంటారని చెబితే మామ టికెట్లెవరికి కొడతాడని అడిగాడు. వాయించబోయేది ఒక పాత కాలపు కాన్సర్టో. పియానో ఒక మాట అంటుంది, తక్కిన వాద్యాలన్నీ కలిసి జవాబిస్తాయి. ఇరవై నిమిషాల పాటు ఆ పిల్ల ఒక్కతే పధ్నాలుగు మంది పెద్దవాళ్లతో మాటకు మాట చెప్పాలి. గేటు బయట ఈ సంగతి ఎత్తకూడదని అందరికీ గట్టిగా చెప్పారు. సంగీత కచేరీలంటే అప్పట్లో బయట ఒప్పుకునేవారు కాదు. నోటీసు బోర్డులో కూడా సభ్యుల సాయంకాలం అని మాత్రమే రాశారు.

కచేరీ గురువారం మధ్యాహ్నం. కాగితంలో వేళలు చూశాను. మూడూ నలభైకి ఏదో చిన్న ముక్క, సరిగ్గా నాలుగింటికి పాప.

నాలుగింటికి సైరన్. హాలుకు యాభై అడుగుల దూరంలో. బీరువాలో దూరే పిల్ల పియానో ముందు కూర్చున్న క్షణాన. చదువుకున్నవాళ్లు ఇంత తెలివి తక్కువగా వేళ ఎలా పెట్టారో అనుకున్నాను. మా ఫోర్‌మన్ పెషావర్ దగ్గరి పఠాన్, నలభై ఏళ్ల సర్వీసు, తక్కువ మాటల మనిషి. ఆయన దగ్గరికి వెళ్లి ఈ ఒక్క గురువారం పరీక్ష ఒక గంట జరపమని అడిగాను. పుస్తకంలో నాలుగు అని ఉంది, ఆఫీసు కాగితం లేనిది నాలుగే అన్నాడు. తల్లిని అడుగుదామా అని ఒకసారి అనిపించింది. కానీ పెద్దింటి ఆడమనిషి, నేను కరెంటువాణ్ణి, మీ వేళ తప్పు అని చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంలో నా గొప్ప కూడా కొంత ఉంది. ఎవరికీ చెప్పకుండా పాపను నేనే కాపాడబోతున్నాను కదా.

ఇక్కడ మా పనిలో పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త పాస్‌పోర్టు పిల్లలూ, మీరూ ఈ పనికే పోతున్నారు గనక బాగా గుర్తుపెట్టుకోండి. ఏదైనా మిషన్ రిపేరు చేసేవాడు దాని మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత ఎర్ర తాళం వేస్తాడు. తన పేరున్న చీటీ వేలాడదీస్తాడు. ఆ తాళానికి ఒకటే చెవి, అది వాడి జేబులోనే ఉండాలి. వాడు తప్ప ఫోర్‌మన్ కూడా ఆ తాళం ముట్టడు. లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఆ చెవి మీద ఉంటుంది. అవసరం లేనిచోట తాళం వేసినా, వేసిన తాళం కోసినా ఒకటే శిక్ష. ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారు. పెండ్లాం, మూడేళ్ల కొడుకు నా మీదే ఆధారపడి ఉన్నారు.

అయినా గురువారం పొద్దున రేకుల గదిలోకి వెళ్లి సైరన్ స్విచ్ ఆపాను. ఎర్ర తాళం వేశాను. చీటీ మీద 'మోటరు రిపేరు' అని రాశాను. నా సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధపు చీటీ అది. చెవి కవరాల్ జేబులో వేసుకొని బయటికి వస్తుంటే, ఎన్నో వారాల తర్వాత నా కడుపు కుదురుగా ఉంది. పుణ్యం చేస్తున్నందుకే ఇంత హాయిగా ఉందనుకున్నాను.

మధ్యాహ్నం హాలు మేనేజరు కబురు పెట్టాడు. పియానో జరపడానికి, ఏసీ చూసుకోవడానికి నేను హాలులో ఉండాలి, తెల్లచొక్కా వేసుకొని రావాలి. గదికి వెళ్లి స్నానం చేసి, కవరాల్ విప్పి సంచిలో పడేసి, తెల్లచొక్కా తొడుక్కొని వచ్చేశాను.

హాలు నిండిపోయింది. నేను పక్క తలుపు దగ్గర ఏసీ స్విచ్చుల కింద నిలబడ్డాను. చిన్న ముక్క వాయించారు, చప్పట్లు కొట్టారు. తర్వాత పాప వచ్చింది. నీలం గౌను, తెల్ల మేజోళ్లు. వంగి దండం పెట్టి, ఎక్కి కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

ముసలాయన పుల్ల దించి నిలబడ్డాడు. ఎవరూ మొదలుపెట్టలేదు. జనం చిరునవ్వుతో చూస్తున్నారు. ఒక నిమిషం గడిచింది. నాకు ఏమీ అర్థం కాలేదు. పాప గడియారం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, తల్లి వైపు చూసింది. రెండో నిమిషం. వెనక వరుసలో ఎవరో దగ్గారు. పాప పెదవి వణకడం మొదలైంది. తల్లి లేచి వచ్చి దాని చెవిలో ఏదో చెప్పింది. పాప తల అడ్డంగా ఊపింది. అప్పుడు తల్లి గబగబా నా దగ్గరికి వచ్చింది.

"సైరన్ ఎందుకు మోగలేదు?" అని అడిగింది.

ఆమె ఇంగ్లీషులో ఒక్కో మాట విడమర్చి చెప్పింది. యుద్ధం తర్వాత నాలుగు నెలలు పాప పియానో మూత తీయనివ్వలేదట. తాను వాయిస్తుంటే ఆ చప్పుడులో సైరన్ వినపడదని దాని భయం. ఇంట్లో వాయించేటప్పుడు తల్లి కిటికీ పక్కన కూర్చొని బయటి చప్పుళ్లు వింటూ ఉండాలి. ఇన్ని వాద్యాల మధ్య అది కుదరదు గనక ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రతి గురువారం హాలులో సాధనకు కూడినప్పుడు, సైరన్ మోగి ఆగేదాకా అందరూ చేతులు కట్టుకొని కూర్చుంటారు. అది మోగితే బాగా పనిచేస్తున్నట్టు లెక్క, ఏదైనా వస్తే అదే అరిచి చెబుతుందని పాపకు ధైర్యం. అప్పుడు వాయిస్తుంది. కచేరీ నాలుగింటికి పెట్టమని అడిగింది కూడా పాపేనట.

నేను ప్రతి గురువారం నాలుగింటికి రేకుల గదిలో ఉండేవాణ్ణి. ఆ వేళకు హాలులో ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడలేదు.

"అది చెడిపోయిందని పాప అనుకుంటోంది," అంది తల్లి. "ఇప్పుడు ఏదైనా వస్తే మనకు ఎవరూ చెప్పరని భయపడుతోంది. నేనేం చెప్పను?"

పిల్ల భయపడుతున్నది నిజమే. ఆ క్షణాన ఏదైనా వస్తే ఆ కాంపౌండ్‌లో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను. ఆ సంగతి అప్పుడు తట్టింది నాకు. అంతకుముందు పొద్దుటి నుంచి తట్టనే లేదు. ఒక్క పాప గురించే ఆలోచించానని అనుకున్నాను గానీ, గోడ లోపల ఉన్న వందల మంది ఊపిరి నా జేబులో పెట్టుకొని తిరిగాను.

రెండు నిమిషాలు అని చెప్పి బయటికి ఉరికాను. ఉరుకుతూ జేబులో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. రెండో జేబు. ఏమీ లేదు. తెల్లచొక్కాకు, నల్ల ప్యాంటుకు ఉన్న జేబులన్నీ వెతికాక గుర్తొచ్చింది. చెవి కవరాల్‌లో ఉంది.

బ్యారక్‌కు పరిగెత్తాను. సంచి లేదు. మామ మంచం మీద కూర్చొని గోళ్లు తీసుకుంటున్నాడు. సంచి ఏదని అడిగాను.

"లాండ్రీ బండి వొచ్చింది గద, ఏసిన. గురువారం కాదా?" అన్నాడు. లాండ్రీ దమ్మామ్ పట్నంలో ఉంటుంది. బండి వెళ్లి గంట దాటింది.

నేను మంచం కోడు పట్టుకొని కింద కూర్చున్నాను. మామకు నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన ముఖంలో వేళాకోళం పోయింది. మంచం కింది నుంచి పనిముట్ల పెట్టె లాగి, పరంజా తీగలు కోసే పెద్ద కట్టర్ తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టి, వదలకుండా పట్టుకున్నాడు.

"తాళం కోస్తే నీ నౌకరి పోతది, ఎరుకేనా?"

"కోయకుంటే ఆ పిల్ల మల్ల ఎన్నడు వాయించది మామా."

ఆయన కట్టర్ వదిలేశాడు. నాతో పాటే పరిగెత్తుకొచ్చాడు.

రేకుల గదిలో ఫోను మోగుతూనే ఉంది. గేటు దగ్గరి బంగ్లాదేశ్ గార్డు నాలుగు నుంచి బటన్ నొక్కి నొక్కి, ఫోను చేసినా ఎవరూ ఎత్తకపోతే ఫోర్‌మన్‌కు కబురు చేశాడట. నేను కట్టర్ నోట్లో తాళం పెట్టాను. కట్టర్ రెండుసార్లు జారింది. మూడోసారి మామ నా చేతుల మీద తన చేతులు వేసి నొక్కాడు. తాళం తెగి నేల మీద పడింది. అప్పుడే తలుపులో ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు.

ఆయన తెగిన తాళం చూశాడు, చీటీ చూశాడు, చీటీ మీద నా పేరు చూశాడు. నేను ఆయన ముఖం కేసి చూడకుండా స్విచ్ ఎక్కించి, ఫోను ఎత్తి గార్డును నొక్కమన్నాను. జీవితంలో ఆ మోత కావాలని నేను నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే.

సైరన్ లేచింది. రేకులు వణికాయి. ఎప్పటిలాగే నా ఒళ్లంతా చల్లబడిపోయింది, గోడకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆ ఒక్క నిమిషంలో నాకు ఎగ్జిట్ స్టాంపు కనపడింది, బొంబాయి ఎయిర్‌పోర్టు కనపడింది, ఇంటి గుమ్మంలో నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేక నిలబడిన నా పెండ్లాం కనపడింది. హాలులో ఆ పిల్ల ఏం చేస్తోందో మాత్రం కనపడలేదు. అది భయపడి లేచి పారిపోతే నేను చేసిందంతా వృథా. నిమిషం అయింది. సైరన్ దిగింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. ఎంతసేపో నాకు తెలియదు. పిల్ల వెళ్లిపోయిందనే అనుకున్నాను. మామ తలుపు బయటికి పోయి హాలు వైపు చెవి పెట్టాడు. ముందు వయొలిన్లు వచ్చాయి. అవి ఆగాయి. ఆ ఆగినచోట పియానో మొదలైంది. గోడ అవతల నుంచి సన్నగా, ఒక్కో మెట్టు చూసుకుంటూ దిగినట్టు వచ్చి, తర్వాత వేగం అందుకుంది. పధ్నాలుగు మంది ఏదో గట్టిగా అన్నారు. పిల్ల జవాబిచ్చింది.

ఫోర్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. నేను మొత్తం చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"పెహ్లే బచ్చీ బజా లే, ఫిర్ బాత్ కరేంగే" అన్నాడు. ముందు పాపను వాయించనీ, మాట తర్వాత.

ముగ్గురం రేకుల గది గడపలో కూర్చున్నాం. ఆ ఇరవై నిమిషాలు సంగీతం విన్నానని చెబితే అబద్ధం. పియానో ఎక్కడ ఆగుతుందో అని విన్నాను. నెమ్మదిగా నడిచే భాగంలో అది మరీ సన్నబడినప్పుడల్లా ఇక ఆగిపోయిందనుకునేవాణ్ణి. ఆగలేదు. చివరిదాకా వాయించింది. చప్పట్లు రేకుల గదిదాకా వినపడ్డాయి. నేను ఆ పిల్ల వాయించగా చూడనేలేదు, ఇప్పటికీ ఆ వెలితి ఉంది.

కచేరీ అయ్యాక నేను జరిగిందంతా చెప్పాను, ఫోర్‌మన్ తన పని తాను చేశాడు. దాచలేదు, పెంచలేదు. నా గురించి 'అబద్ధపు చీటీ రాశాడు, తాళం కోశాడు, తానే ఒప్పుకున్నాడు' అని మూడు ముక్కలు రాసి ఆఫీసుకు పంపాడు. తొమ్మిది రోజులు నా పాస్‌పోర్టు కంపెనీ మేనేజరు బల్ల మీద ఉంది. ఆ తొమ్మిది రోజుల భయం యుద్ధంలో భయానికేమీ తీసిపోదు. చివరికి ఆఖరి హెచ్చరిక కాగితం ఇచ్చి, ఎర్ర తాళం వాడే హక్కు ఏడాది పాటు తీసేశారు. సైరన్ బాధ్యత ఇంకొకరికి అప్పగించారు.

కాగితం చేతికి వచ్చిన రోజు తల్లీ కూతుళ్లు వర్క్‌షాపుకు వచ్చారు. ఖర్జూరం కూరిన బిస్కట్ల డబ్బా తెచ్చారు. నన్ను తిట్టడానికి వచ్చారేమోనని లేచి నిలబడ్డాను. పాప డబ్బా నాకిచ్చి, సూటిగా అడిగింది.

"అమ్ము, సైరన్‌కు తాళం ఎందుకు వేశావు?"

నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను, నీ కోసమే వేశాను, నువ్వు భయపడతావని.

పాప ఒప్పుకోలేదు. "నేను అడగలేదు కదా. నాకు అది మోగాలి. మోగకూడదని ఎవరికి ఉంది?"

తాళం వేసిన పొద్దున నా కడుపు ఎందుకు అంత కుదురుగా ఉందో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. వంగి, దాని ఎత్తుకు వచ్చి, నాకే భయం బిడ్డా అని చెప్పాను. సగం తెలుగే వచ్చింది. అయినా అర్థం చేసుకుంది.

"అయితే చెప్పాలి," అంది పాప. "నేను మా అమ్మకు చెప్పాను. చెబితే వాళ్లు ఏదో ఒకటి చేస్తారు."

ఆ సాయంత్రం మామ చపాతీలు కాలుస్తుంటే పక్కన కూర్చొని, బుధవారాల్లో పులుసు పడలేదని నేను చెప్పిందంతా అబద్ధమేనని చెప్పేశాను. సైరన్ అంటే నాకు ప్రాణాలు పోతాయని, యుద్ధం అయ్యాక కూడా పోలేదని చెప్పాను. ఇక నవ్వుతాడని ఎదురు చూశాను. మామ స్టవ్వు ఆపేశాడు.

"నాకు గూడ అంతే అల్లుడా," అన్నాడు. "గురువారం నాలుగైతుందంటే నేను మంచం ఇడిసి ఎటూ పోను. గోళ్లు తీసుకుంట కూసుంట, చేతులు వణికేది ఎవలకు కనవడొద్దని. నువ్వు నవ్వుతవని చెప్పలే."